సభికుని పాలు

మృచ్ఛకటికంలో రెండవ అంకం చదివినవారు సంవాహకుణ్ణి మరచిపోవడం కష్టం. జూదంలో పది సువర్ణాలు ఓడిపోయి, ఇవ్వడానికి చేతిలో చిల్లిగవ్వ లేక పారిపోయి వచ్చినవాడు అతడు. అడుగుజాడలు బయటికి పోయినట్లు కనబడాలని వెనుకకు నడుస్తూ, విగ్రహం లేని ఒక పాడుగుడిలో ప్రవేశించి, తానే విగ్రహమై నిలుచుంటాడు. తరుముకొని వచ్చినవారికి అనుమానం కలుగుతుంది. వారు అతణ్ణి పట్టుకొని లాగరు. అతని యెదుటనే కూర్చుండి పాచికలు వేయడం మొదలుపెడతారు. పాచికల చప్పుడు చెవిన పడగానే రాతిబొమ్మకు ప్రాణం వచ్చి, "నా వంతు" అంటూ ముందుకు దూకుతుంది. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడు నవ్వని విద్యార్థి ఉండడు.

నవ్వు ముగిసిన తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ తరుముకొని వచ్చిన మాథురుడు ఎవరు? సంవాహకునితో సమానంగా కూర్చుండి పందెమొడ్డి గెలిచిన జూదరి కాడు. అతడు సభికుడు, అనగా జూదశాల నడిపేవాడు. ఈనాడు తెలుగులో సభికుడంటే సభకు వచ్చి, ఉపన్యాసం విని, చప్పట్లు కొట్టిపోయే సాధువు. వేదిక నెక్కిన ప్రతి వక్తా "సభికులకు నమస్కారం" అని మొదలుపెట్టేటప్పుడు, ఆ మాట ఒకప్పుడు జూదగృహపు యజమానికి చెల్లినదని తలచుకొంటే కొంచెం నవ్వు రాక మానదు.

ఈ సభికునికి ఎంత ముట్టాలో మన ధర్మశాస్త్రాలు అంకెలతో సహా చెప్పినవి. యాజ్ఞవల్క్యస్మృతిలోని వ్యవహారాధ్యాయంలో ద్యూతానికి ప్రత్యేక ప్రకరణమే ఉన్నది. నూరు గాని, అంతకు మించి గాని గెలిచిన జూదరి వద్ద సభికుడు నూటికి 5 తీసుకోవాలి. అంతకు తక్కువ గెలిచినవాని వద్ద నూటికి 10. చిన్నవాని మీద పెద్ద వడ్డన అన్నమాట. మితాక్షర ఈ శ్లోకాలను విప్పి చెప్పినది. ఆ మితాక్షరనే తిక్కన శిష్యుడు కేతన 'విజ్ఞానేశ్వరము' అనే పేర తెనిగించినాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం మరికొంత ముందుకు పోయి ద్యూతాధ్యక్షుడనే ఉద్యోగినే నియమించినది. జూదం ఒకే చోట జరగాలి. మరొక చోట ఆడినవానికి 12 పణాల దండన. గెలిచిన సొమ్ములో నూటికి 5. అదిగాక పాచికలకు అద్దె, నీటికీ చోటికీ రుసుము. దొంగ పాచికలు వేసినవానికి శిక్ష వేరే. జూదం మీద ప్రేమతో చేసిన ఏర్పాటు కాదిది. చాటుమాటుగా బ్రతికే దొంగలు అక్కడ దొరుకుతారని ఆ శాస్త్రకారులే దాచకుండా చెప్పినారు.

అయితే ఆ ఏర్పాటులో గుర్తింపదగిన విషయాలు మూడున్నవి. సభికుని పాలు ఎంతో ఆడేవానికి ముందే తెలుసును. గెలిచినవానికి సొమ్ము ఇప్పించే పూచీ సభికునిది. సభికుడు ఇప్పించలేకపోతే రాజు ఇప్పిస్తాడు. తన భాగం తాను పుచ్చుకొంటాడు గనుక ఆ బాధ్యత రాజుకు తప్పదు. జూదం చెడ్డదని తెలిసిన సమాజమే దాని లెక్కను వెలుగులో పెట్టినది.

ఇప్పుడు ఆ లెక్క ఏ వెలుగులో ఉన్నదో చూడాలి.

హైదరాబాదు నుండి నాగార్జునసాగరం పోయే దారిలో ఇబ్రహీంపట్నం ఉన్నది. ఇబ్రహీం కుతుబ్‌షా పేరు నిలుపుకొన్న ఊరు. ఆ కాలపు పెద్ద చెరువే దాని గుర్తు. ఒకప్పుడు చెరువు నిండితే పంట, ఎండితే పస్తు అన్న లెక్కతో బ్రతికిన ప్రాంతమిది. ఇప్పుడా దారికి ఇరుప్రక్కలా ఇంజనీరింగు కళాశాలలు, వాటి పసుపుపచ్చ బస్సులు, పొలాలలో పాతిన ప్లాట్ల హద్దురాళ్లు. వేలాది పిల్లలు ఉదయం వచ్చి సాయంత్రం పోతారు. వారి చేతిలో ఫోను, ఫోనులో బ్యాంకు, బ్యాంకులో తండ్రి పంపిన ఫీజు డబ్బు. ఐ.పి.ఎల్. ఋతువు రాగానే బస్సుస్టాండులోనూ హాస్టలు గదులలోనూ ఒక ప్రశ్న తిరుగుతుంది: "ఏ యాప్ నమ్మకమైనది? ఎంత కోసుకొంటాడు?"

ఈ ప్రశ్న ఉపాధ్యాయుని చెవిన పడితే సాధారణంగా రెండే సమాధానాలు వస్తాయి. ఒకటి మందలింపు, రెండవది విననట్లు నటించడం. ధర్మరాజు అడవుల పాలైన కథ చెప్పి ఊరుకొనేవారు మొదటి తెగ. ఆ కథ వినని పిల్లవాడు తెలుగునాట లేడు. అయినా ఆడేవారు ఆడుతూనే ఉన్నారు. పిల్లవాడు అడిగినది పాపపుణ్యాల ప్రశ్న కాదు, లెక్కల ప్రశ్న. లెక్కల ప్రశ్నకు నీతిపద్యం సమాధానం కాజాలదు. పాఠశాలలో సంభావ్యత అనే అధ్యాయం ఉన్నది. అందులో నాణెం ఎగురవేస్తారు, పాచిక దొర్లిస్తారు, సంచిలోనుండి ఎర్రబంతి తీస్తారు. కాని ఆ నాణెం మీద ఎవడైనా పందెం కాస్తే మధ్యవాని కెంత మిగులుతుందన్న ఒక్క లెక్క ఉండదు. పిల్లవాని బ్రతుకుతో నేరుగా సంబంధమున్న ఆ ఒక్క లెక్కనే విడిచిపెట్టినారు.

ఆ లెక్క కష్టమైనదా అంటే, పదవ తరగతి వానికి పది నిమిషాల పని.

నాణెం ఎగురవేసినారు. బొమ్మ పడినా బొరుసు పడినా అవకాశం సమానమే. న్యాయమైన పందెమైతే 10 రూపాయలు కాసి గెలిచినవానికి, కాసిన పదీ కలుపుకొని 20 రావాలి. దీనినే యాప్‌లు 2.00 అని వ్రాస్తాయి. కాని టాస్ మీద పందెం తీసుకొనే యాప్‌లో సాధారణంగా ఆ అంకె కనబడదు, 1.90 వంటిది కనబడుతుంది. అనగా 10 కాసి గెలిస్తే 19. ఒకడు బొమ్మ మీద 10, మరొకడు బొరుసు మీద 10 కాసినారనుకొందాం. బుకీ పెట్టెలో 20 పడినవి. ఎవడు గెలిచినా బయటికి పోయేవి 19. ఆ ఒక్క రూపాయి బుకీది. నూటికి 5. యాజ్ఞవల్క్యుని సభికుడు పుచ్చుకొన్న అంకే యిది! ఒక్కటే తేడా. ఆ సభికుడు గెలిచినవాని నడిగి పుచ్చుకొన్నాడు. ఈ సభికుడు అడగడు, రశీదివ్వడు, రుసుమన్న మాటే ఎత్తడు. రుసుము దరలోనే కరిగిపోయి ఉంటుంది. "మా వద్ద ఎట్టి రుసుమూ లేదు" అని పెద్ద అక్షరాలతో ప్రకటించే యాప్ అబద్ధమాడిందని ఎవరూ నిరూపించలేరు.

రెండు పక్షాలున్న పందెంలో సంగతి యిది. పక్షాలు పెరిగినకొద్దీ పాలు పెరుగుతుంది. పది జట్లున్న పోటీలో కప్పు ఎవరికని పందెం అనుకొందాం. పదింటికీ అవకాశం సమానమనీ, ఒక్కొక్క జట్టుకు 8 దర పెట్టినారనీ అనుకొంటే, జట్టుకు 100 చొప్పున పెట్టెలో 1000 పడుతుంది. గెలిచిన జట్టు మీద కాసినవానికి 800 పోతుంది. నూటికి 20 మిగులు. ఎనిమిది రెట్లు వస్తుందన్న మాట పిల్లవాని కంటికి మెరుస్తుంది. పది రెట్లు రావలసిందన్న మాట కంటికి కనబడదు. ఏ పందెంలోనైనా సరే, అన్ని పక్షాల దరలనూ తీసుకొని, ఒక్కొక్క దరతో 100ను భాగించి, వచ్చినవన్నీ కూడితే చాలును. మొత్తం సరిగా 100 వస్తే సభికుడు ధర్మాత్ముడు. 1.90 దరలు రెంటికి ఈ మొత్తం 105.26. నూటికి పైన ఎంత వచ్చినదో అదే అతని బలం.

ఇక పిల్లలను మిక్కిలి ఆకర్షించేది నాలుగైదు మ్యాచులను ఒకే దండగా గుచ్చి కాసే పందెం. మూడు మ్యాచులు, ఒక్కొక్కటి 1.90. గుణిస్తే 6.86, న్యాయంగా రావలసింది 8. మిగులు నూటికి 14కు పైమాటే. ఐదు మ్యాచులు గుచ్చితే 24.76, రావలసింది 32. ఇప్పుడు నూటికి 22న్నర దాటినది. దండలో పూవు పెరిగినకొద్దీ సభికుడు మరొక మారు పుచ్చుకొంటున్నాడన్న మాట. చిన్నవాని వద్ద నూటికి 10 అన్న స్మృతికారుని వడ్డన ఈ కాలంలో ఈ రూపం ధరించినది. 50 రూపాయలతో వెయ్యి గెలవాలనుకొనే కుర్రవాడే ఇట్టి దండలు గుచ్చుతాడు. ఎక్కువ రేటు చెల్లించేదీ వాడే.

ఇబ్రహీంపట్నపు రైతుకు ఈ సంగతి మరొక విధంగా చెప్పవచ్చును. చెరువులో నీరెంత ఉన్నదని గట్టెక్కి చూచేవారు చాలామంది. తూము ఎంత తెరచి ఉన్నదో దిగి చూచేవాడు నీరటికాడు ఒక్కడే. నూటికి 5 అన్నది చిన్న తూము. కాని అది ఒక పందేనికి ఒక మారు పారే తూము. వెయ్యి రూపాయలు జమచేసినవాడు ఒక్క పందెంతో ఆగడు. గెలిచినదీ కాస్తాడు, మిగిలినదీ కాస్తాడు. ఆ వెయ్యి ఇరవై మార్లు చేతులు మారితే, సగటున మిగిలేది 358 రూపాయలు. దొంగ పాచిక లేదు, మోసం లేదు, ముందే కుదుర్చుకొన్న ఆట లేదు. ఉన్నది తూము ఒక్కటే.

బోనసు అన్నది కూడ ఈ తూము క్రింది మడియే. "వెయ్యి జమచేయండి, వెయ్యి ఊరక యిస్తాము" అంటారు. క్రింద సన్నని అక్షరాలలో, ఆ బోనసుకు ఇరవై రెట్లు పందెం కాసిన తరువాతనే డబ్బు వెనుకకు తీసుకోవచ్చునని ఉంటుంది. 20 వేలు కాస్తే నూటికి 5 చొప్పున పోయేది సరిగా వెయ్యి. ఇచ్చినది ఇచ్చినట్లే వెనుకకు పోయినది; మధ్యలో పిల్లవానికి ఇరవై వేల పందేల అలవాటు మాత్రం మిగిలినది.

సంక్రాంతి కోడిపందేలలో బరి నడిపేవాడు గెలిచినవాని సొమ్ములో వాటా కోస్తాడు. పైపందేలు కాసేవారు దానిని చూస్తూనే ఉంటారు, దాని మీద గొణుగుతారు, ఒక్కొక్కమారు తగవు పడతారు. ఆ పని చట్టానికి విరుద్ధం. కాని వాటా కంటికి కనబడుతుంది. మలక్‌పేట గుర్రపు పందేల మైదానంలో టోటలైజేటరు ఉన్నది. ఫ్రాన్సులో 19వ శతాబ్దిలో జోసెఫ్ ఓలేర్ కనిపెట్టిన పద్ధతి అది. కాసిన సొమ్మంతా ఒక కుప్ప చేస్తారు; అందులో పన్నూ, క్లబ్బు భాగమూ ముందు తీసి, మిగిలినది గెలిచినవారికి పంచుతారు. అక్కడా ఓడేవారే ఎక్కువ. కాని ఎంత తీసినారో అడిగితే చెప్పక తప్పదు. పన్ను మాట వచ్చినది గనుక ఇదొకటి: ఈ వ్యవహారంలో ప్రభుత్వం కూడ ఒక సభికుడే. 2023 అక్టోబరు 1 నుండి డబ్బుతో ఆడే ఆన్‌లైను ఆటలలో జమచేసిన మొత్తం మీద నూటికి 28 జి.ఎస్.టి. విధించినారు, గెలిచిన నికర సొమ్ము మీద నూటికి 30 ఆదాయపు పన్ను వేరే. కౌటిల్యుడు చూచి ఉంటే తన నూటికి 5 చాల తక్కువని చింతించేవాడు.

ఆట నడిపేవాని పాలు ఎంత అన్న ప్రశ్న తెలుగుదేశంలో సుప్రీంకోర్టు దాకా పోయినది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకొన్నారు. క్రింది కోర్టు శిక్షించినది. హైకోర్టు విడుదల చేసినది. రాష్ట్రం సుప్రీంకోర్టుకు పోయినది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా వ్రాసిన తీర్పును జనం సాధారణంగా ఒక్క మాటతో గుర్తుపెట్టుకొన్నారు: రమ్మీ ముఖ్యంగా నైపుణ్యపు ఆట అని. కాని ఆ తీర్పులో రెండవ భాగం మొదటిదానికంటె తక్కువది కాదు. క్లబ్బు పేకముక్కలకో, పొద్దుపోయి కూర్చున్నందుకో మితంగా రుసుము పుచ్చుకొన్నంత మాత్రాన అది జూదగృహం కాదనీ, ఆట మీదనే లాభం గడించే పక్షంలో సంగతి వేరనీ కోర్టు అన్నది. ఆడేవాని నైపుణ్యం ఒక ప్రశ్న. నడిపేవాని పాలు మరొక ప్రశ్న. యాప్‌ల ప్రచారకులు మొదటి ప్రశ్ననే పట్టుకొని ఊరూరా తిప్పినారు. రెండవదానిని ఎవరూ ఎత్తలేదు.

తరువాతి చట్టాలు త్వరగానే చెప్పుకోవచ్చును. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చినది. 2017లో తెలంగాణ ప్రభుత్వం దానిని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధంలోకి తెచ్చినది. నిషేధం కాగితం మీద ఉండగానే ఫోనులలో యాప్‌లు పెరిగినవి. వాటికి సినిమా తారలూ, యూట్యూబు ప్రచారకులూ ముఖాలిచ్చినారు. 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు అట్టివారి మీద కేసులు పెట్టినారు. ఆ ఏడు ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైను ఆటలను నడపడం, ప్రకటించడం, వాటికి డబ్బు చేరవేయడం నేరంగా చేసినది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించినది. నడిపేవానికి మూడేండ్ల వరకు ఖైదు, కోటి రూపాయల వరకు జుర్మానా. ఆడేవానికి మాత్రం శిక్ష చెప్పలేదు. వానిని మోసపోయినవానిగానే చట్టం చూచినది. దేశంలోని పేరుపడిన కంపెనీలు వెంటనే డబ్బు ఆటలు ఆపివేసినవి. ఆపనివి సముద్రాల కావల నున్నవి.

అందుచేత "ఏ యాప్ నమ్మకమైనది" అన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చును.

ఒక విద్యార్థి ఉపాధ్యాయుని అడిగినాడనుకొందాం.

"సార్, ఈ యాప్‌కు లైసెన్సు ఉన్నది. నంబరు కూడ వేసినారు."

"ఎవరిచ్చిన లైసెన్సు, నాయనా?"

"కురసావో అని ఉంది, సార్."

"అది ఎక్కడున్నది?"

పిల్లవాడు తెలియదంటాడు. అందులో తప్పు లేదు. భూగోళం ఉపాధ్యాయుడు కూడ పటం చూడక చెప్పలేకపోవచ్చును. కరీబియన్ సముద్రంలో, వెనెజులా తీరానికి ఎదురుగా, నెదర్లాండ్సు రాజ్యానికి చెందిన ఒక చిన్న దీవి. ప్రపంచంలోని పందెపు వెబ్‌సైట్లు చాలవరకు అక్కడి కాగితంతోనే తిరుగుతున్నవి. ఇబ్రహీంపట్నం పిల్లవాడు గెలిచిన 4 వేలు చేతికి రాకపోతే ఫిర్యాదు ఆ దీవికి పోవాలి. ఇక్కడి కోర్టుకు పోదామా అంటే, 1872నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను పందెపు ఒప్పందం చెల్లదన్నది. గెలిచిన సొమ్ముకు దావా వేయడానికి వీలులేదు. యాజ్ఞవల్క్యుని కాలపు జూదరికి సభికుడు ఎగవేస్తే రాజున్నాడు. ఈ పిల్లవానికి రాజు లేడు. నమ్మకమన్నది ఎగవేసినప్పుడు ఇప్పించేవాడుంటేనే అర్థమున్న మాట; ఇప్పించేవాడు లేనిచోట యాప్ మంచిదా చెడ్డదా అన్న విచారణ, తీగ లేని వీణకు శ్రుతి సరిచూడడం వంటిది.

పోనీ, ఇప్పించేవాడున్న దేశంలో ఏమి జరుగుతున్నది? ఇంగ్లండులో 1960నాటి చట్టం వలన మరుసటి ఏడు మే నెల నుండి వీధులలో పందెపు అంగళ్లు తెరచినారు. 2005నాటి చట్టం పందెపు సొమ్ముకు దావా వేసే హక్కు కూడ యిచ్చినది. లైసెన్సు, తనిఖీ, ఫిర్యాదు, అన్నీ ఉన్నవి. అక్కడి బుకీలు మర్యాదస్థులు; ఓడినవాని వద్ద పుచ్చుకొంటారు, గెలిచినవానికి చెల్లిస్తారు. కాని తెలివిగా లెక్కగట్టి పదేపదే గెలిచేవాడు కనబడితే, వాని ఖాతాను కొద్ది పౌనుల పందేనికి కుదించివేస్తారు, లేదా మూసివేస్తారు. నమ్మకమైన సభికుడంటే ఇదీ అర్థం: ఓడేవారినందరినీ ఆదరించేవాడు. దొంగ సభికునికీ దొర సభికునికీ గల తేడా, ఒకడు చెరువుకు గండి కొడతాడు, రెండవవాడు తూము తెరచి ఉంచుతాడు.

గండి కొట్టేవారి సంగతిలో విద్యార్థులు తెలుసుకోవలసిన ఆపద మరొకటి ఉన్నది. దేశం వెలుపలి యాప్‌లు తమ పేర బ్యాంకు ఖాతాలు పెట్టుకోలేవు. కనుక ఇక్కడివారి ఖాతాలను అద్దెకు తీసుకొంటాయి. "నీ ఖాతా, ఏ.టి.ఎం. కార్డు, సిమ్ము ఇయ్యి, నెలకింత ఇస్తాము" అని హాస్టలు పిల్లల వద్దకే వస్తారు. పందెం కాయని పిల్లవాడు కూడ దీనికి ఒప్పుకొంటాడు. తాను ఆడటం లేదు గదా అన్న ధైర్యం. ఏదో ఊళ్లో ఎవడో మోసపోయి ఫిర్యాదు చేస్తాడు. డబ్బు నడిచిన దారి పట్టుకొని పోలీసులు వస్తే, ఆ దారిలో మొదట కనబడే పేరు ఈ పిల్లవానిది. 2025నాటి చట్టం ఆడినవానిని వదలిపెట్టినది గాని, డబ్బు చేరవేసినవానిని వదలలేదు. సంవాహకునికి పది సువర్ణాల అప్పే గాని, మాథురుని పెట్టె మోసిన నేరం లేదు. వసంతసేన తన చేతి కడియం పంపి ఆ అప్పు తీర్చినది. అతడు జూదం విడిచి భిక్షువైనాడు. పోలీసు కాగితంలో పేరెక్కిన ఇరవై ఏండ్ల కుర్రవానికి ఏ కడియం చాలుతుంది?

ఇన్ని చెప్పిన తరువాత కూడ ఒక ఆక్షేపణ నిలుస్తుంది; అది తోసివేయదగినది కాదు. తరగతిలో దరలు, బోనసులు, దండలు అంటూ నల్లబల్ల మీద వ్రాస్తే, తెలియని పిల్లలకు కూడ తెలియజెప్పినట్లు కాదా? తల్లిదండ్రులు వచ్చి, "మా పిల్లలకు పందెం నేర్పుతున్నారా?" అని నిలదీస్తే ప్రధానోపాధ్యాయుడేమి చెప్పాలి? ఈ భయం నిజమైనదే. దీనికి సమాధానం మహాభారతంలోనే ఉన్నది. నన్నయ తెనిగించిన అరణ్యపర్వంలోనే ఉన్నది.

నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకొన్న సంగతి అందరికీ గుర్తు. కలి అతణ్ణి ఎప్పుడు విడిచినదో కొందరికే గుర్తు. దమయంతి కనబడినప్పుడు కాదు. పశ్చాత్తాపం కలిగినప్పుడూ కాదు. బాహుకుడనే పేర ఋతుపర్ణునికి సారథియై రథం తోలుతుండగా, దారిలో ఒక తాండ్ర చెట్టును చూచి, ఆ రాజు దాని ఆకులూ కాయలూ ఇన్నని రథం మీదనుండే చెప్పినాడు. నలుడు నమ్మలేదు. రథమాపి, చెట్టును పడగొట్టి, లెక్కపెట్టి చూచినాడు. సరిపోయినది. అప్పుడు తన అశ్వహృదయమిస్తానని ఆ అక్షహృదయం తీసుకొన్నాడు. ఆ విద్య లోపలికి పోయిన క్షణాననే కలి విషం కక్కుతూ బయటికి వచ్చినది. ఆ కాలంలో పాచికలు తాండ్రకాయలే గనుక, ఆ చెట్టు క్రింద జరిగిన పాఠం జూదపు లెక్క కాక మరొకటి కాదు. లెక్క నేర్చుకొన్నందువలన నలుడు చెడిపోలేదు. లెక్క తెలియనంతకాలమే చెడినాడు.

ఈ కథ అడవిలో ధర్మరాజుకు బృహదశ్వుడు చెప్పినాడు. చెప్పి, చివర అక్షహృదయం కూడ ఉపదేశించినాడు. మంచి గురువే; కాని పాఠం ఆలస్యంగా నడిచినది. రాజ్యం, తమ్ములు, ద్రౌపది అన్నీ పోయిన తరువాత చెప్పిన లెక్క విరాటుని కొలువులో కంకుడై పాచికలాడడానికి పనికివచ్చినది. పాఠశాలలో ఈ లెక్క చెప్పే వయసు ఏదన్న ప్రశ్నకు ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. బ్యాంకు ఖాతా, ఫోను చేతికి వచ్చేలోపల. అనగా తొమ్మిది, పది తరగతులలో.

చెప్పే పద్ధతి కూడ ఉపన్యాసంగా ఉండనక్కరలేదు. నలుడు విని నమ్మలేదు, లెక్కపెట్టి నమ్మినాడు. తరగతిలో నలభై మంది పిల్లలున్నారనుకొందాం. ఉపాధ్యాయుడు సభికుడు. ఒక్కొక్క పిల్లవాని వద్ద చింతగింజలు, ఒక నాణెం. ఒక్కొక్క మారు పది గింజలు ఒడ్డాలి. గెలిస్తే పందొమ్మిది వెనుకకు, ఓడితే సున్న. ప్రతివాడూ నూరు మార్లు ఎగురవేసి తన పుస్తకంలో వ్రాసుకోవాలి. ఉపాధ్యాయుడు తన లెక్క తాను బల్ల మీద వ్రాసుకొంటాడు.

నూరు మార్లయిన తరువాత, నలభై మందిలో సుమారు పన్నెండుగురు లాభంలో ఉంటారు. వారే గట్టిగా మాట్లాడతారు. తమకేదో పట్టు దొరికినదంటారు. బొమ్మ తరువాత బొరుసు పడుతుందనీ, ఎడమచేతితో వేస్తే కలిసివస్తుందనీ సూత్రాలు చెబుతారు. ఓడిన ఇరవైఎనిమిది మంది మౌనంగా వారిని చూస్తారు. హాస్టలు గదులలో, బస్సుస్టాండులో వినబడేది కూడ ఈ పన్నెండుగురి గొంతే. బల్ల మీద ఉపాధ్యాయుని లెక్కలో మాత్రం రెండువేలకు అటూఇటూ గింజలు చేరి ఉంటాయి.

ఆ పన్నెండుగురు మళ్లీ ఆడదామంటారు. ఆడనివ్వాలి. రోజుకు పది మార్లు చొప్పున, పుస్తకంలో వ్రాసుకొంటూ, మొత్తం వెయ్యి మార్లు అయ్యేదాకా పిల్లలందరినీ ఆడనివ్వాలి. ఎండకాలపు సెలవుల నాటికి ఆ నలభై మందిలో లాభంలో మిగిలేవారు ఇద్దరుంటారు, ఒకరుండవచ్చును, ముగ్గురుండవచ్చును. ఉపాధ్యాయుని పెట్టెలో ఇరవైవేల గింజలు. ఆ ఇద్దరిలో ఒకడు చివరి రోజున లేచి, "సార్, నేను గెలిచినాను గదా!" అంటాడు. వాని పుస్తకం తీసుకొని, మిగిలిన ముప్పైతొమ్మిది పుస్తకాల ప్రక్కన బల్ల మీద వరుసగా పరచి, పిల్లలందరినీ వచ్చి చూడమనాలి.